కెరటం సంగతి చెప్పేవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంకో వారంలో కార్తీకమాసం మొదలవుతుంది. ఆదివారం వచ్చిందంటే మన విశాఖ తీరం పొడవునా జనమే జనం. తెల్లవారుజామున సముద్రస్నానాలు, పగలు వనభోజనాలు. గిన్నెలు, జంపఖానాలు, పిల్లలు, బంతులు, ఆటోల నిండా చుట్టాలు. యారాడ, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, ఎక్కడ చూసినా ఇదే సందడి. కెరటం సంగతి, నేల సంగతి ఈ జనానికి విడమర్చి చెప్పే మనుషులు మన ఒడ్డున కావాలని అడగడానికే ఈ ఉత్తరం. వాళ్లు ఒడ్డుకు చేరకముందే ఇది మీ పత్రికలో వస్తే బాగుంటుందని రాస్తున్నాను. కాస్త పెద్దదైంది, మన్నించి ప్రచురించండి.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. అగ్నిపర్వతాలు, హిమానీనదాలు, సముద్ర కెరటాలు అన్నీ నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మలేసి చెప్పాను. వాటిలో నేను కళ్లారా చూసింది సముద్రం ఒక్కటే. మిగతావి ఈ సెప్టెంబరులో చూశాను. మా అబ్బాయి, కోడలు కోపెన్‌హాగన్‌లో ఉంటారు. మావారినీ నన్నూ నాలుగు రోజులు ఐస్‌లాండ్ తీసుకెళ్లారు. అందులో ఒక రోజు రాజధాని రేక్యవిక్ నుంచి దక్షిణ తీరం వెంబడి టూర్. పొద్దున్నే ఒక బస్‌స్టాప్ దగ్గర పంతొమ్మిది సీట్ల చిన్న బస్సు వచ్చి ఎక్కించుకుంది. టికెట్ మనిషికి పదివేల పైమాటే. అంత డబ్బా అని మొదట నాకు మనసొప్పలేదు. రాత్రి దిగేటప్పటికి ఆ బాధ పోయింది. అదంతా ఆ బస్సు నడిపిన అమ్మాయి చలవే.

డ్రైవరూ ఆమే, గైడూ ఆమే. ముప్పై ఏళ్లుంటాయేమో. నోటి ముందు మైకు పెట్టుకుని స్టీరింగ్ తిప్పుతూనే మాట్లాడేది. గొర్రెలు పెంచే ఇంటి పిల్ల. వేసవంతా కొండల మీద వదిలేసిన గొర్రెల్ని ఊరంతా కలిసి కిందికి తోలుకొచ్చే రోజులట అవి, వచ్చే వారం దానికోసం సెలవు పెడుతున్నానని చెప్పింది. ఊరు దాటి అరగంట వెళ్లామో లేదో, నేలలోంచి అక్కడక్కడా ఆవిరి లేస్తూ కనిపించింది. అట్లాంటిక్ కింద రెండు భూఫలకాలు ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయని, ఆ చీలిక మీదే తమ దేశం లేచిందని చెప్పింది. దేశం మొత్తానికి జనం నాలుగు లక్షల లోపే. మన విశాఖ నగరంలో నాలుగో వంతు కూడా ఉండరు. అలాంటి చోట రోజూ వేలమంది కొత్తవాళ్లు దిగుతుంటే, ఒక్కొక్కరికీ ఆ నేల గురించి ఇంత ఓపికగా చెబుతున్నారు.

మొదట ఆగింది సెల్యాలాండ్స్‌ఫాస్ అనే జలపాతం దగ్గర. 60 మీటర్ల పైనుంచి పడే నీటి వెనక్కి నడిచి వెళ్లొచ్చు. రెయిన్‌కోటు వేసుకుని, మావారి చెయ్యి పట్టుకుని, జారే రాళ్ల మీద మెల్లగా వెళ్లాను. నీటి తెర వెనక నిలబడి చూస్తే బయటి పచ్చిక అంతా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. బయటికొచ్చాక ఆ అమ్మాయి కొండవైపు చెయ్యి చూపించి, "ఇది ఒకప్పటి సముద్రపు ఒడ్డు. కెరటాలు వచ్చి ఈ కొండకే కొట్టుకునేవి. ఇప్పుడు మనం నిలబడ్డ చోట నీళ్లుండేవి," అంది. తల తిప్పి చూస్తే సముద్రం ఎక్కడో దూరంగా గీతలా ఉంది. ఆ నీళ్లు దిగేది ఎయాఫ్యాట్లాయోకుల్ అనే మంచుకొండ మీంచి. ఆ పేరు బస్సులో అందరిచేతా మూడుసార్లు పలికించింది. 2010లో దాని కింద ఉన్న అగ్నిపర్వతం పేలి, బూడిద కమ్మేసి, యూరప్‌లో రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి. ఆ వార్త అప్పట్లో మన పేపర్లలో చదివే ఉంటారు.

తర్వాత స్కోగాఫాస్. అదీ 60 మీటర్లే, వెడల్పు మాత్రం 25 మీటర్లు. పక్కన అయిదు వందల పైచిలుకు మెట్లున్నాయి. పిల్లలు ఎక్కారు, మేమిద్దరం కిందే ఉండిపోయాం.

సోల్‌హేమాయోకుల్ అనే హిమానీనదం దగ్గర మాత్రం చాలాసేపు ఉన్నాం. నేను ఎన్నిసార్లో బోర్డు మీద గీసిన బొమ్మ కళ్లముందు ఉంది. తెల్లగా ఉంటుందనుకున్నాను. నల్లగా ఉంది, నీలంగా ఉంది, బూడిదలో దొర్లిన ఏనుగు వీపులా ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన అరచేయంత మంచుగడ్డను ఆ అమ్మాయి ఏరి నా చేతిలో పెట్టింది. లోపల గాలిబుడగలు, మధ్యలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. ఆ నలుసులు పాత పేలుళ్ల బూడిద. చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా పారేయబుద్ధి కాలేదు. దగ్గర్లోని ఊరి బడిపిల్లలు 2010 నుంచి ఏటా వచ్చి, మంచు ఎంత వెనక్కి పోయిందో కొలుస్తున్నారట. ఈ పదిహేనేళ్లలో వందల మీటర్లు పోయింది. ఒకప్పుడు మంచున్న చోట ఇప్పుడు మడుగుంది. ఏడో తరగతి పిల్లలు చేసే కొలతలవి. టీచరుగా ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. నా పిల్లలకు నేను హిమానీనదం నిర్వచనం బట్టీ పట్టించాను. మన ఊళ్లో కొలవాల్సినవి ఎన్ని ఉన్నాయో నాకు తట్టలేదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది రేనిస్‌ఫ్యారా గురించి.

అది నల్ల ఇసుక తీరం. లావా సముద్రాన్ని తాకి, పొడై, ఇసుకగా మారింది. పక్కన కొండ అంతా నిలువు స్తంభాలే, తేనెపట్టు గదుల్లా ఆరు పలకలవి. లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు, ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్టే పగిలి అలా అయ్యాయి. సముద్రంలో రెండు మూడు మొనదేలిన రాళ్లు నిలబడి ఉంటాయి. ఓడను లాగుతూ తెల్లవారిపోయి రాళ్లైపోయిన రాకాసులని అక్కడి కథ. ఇంత అందమైన చోటికి వెళ్తుంటే ఆ అమ్మాయి మాత్రం పొద్దుటినుంచీ లేని గంభీరంతో బస్సు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, సీట్లవైపు తిరిగి కూచుంది. నెల కిందటే ఒక చిన్నపిల్లను ఆ కెరటాలు లాక్కుపోయాయని చెప్పింది. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత విడమర్చి చెప్పింది. ఆ తీరం నుంచి దక్షిణానికి అంటార్కిటికా దాకా అడ్డంగా నేల లేదు. ఎక్కడో పుట్టిన కెరటాలు బలం కూడగట్టుకుని వస్తాయి. ఒడ్డు దగ్గర నేల ఒక్కసారిగా లోతైపోతుంది. అయిదారు చిన్న కెరటాలు వచ్చి పోతాయి, జనం ధైర్యపడి ముందుకు జరుగుతారు. ఆ తర్వాత వచ్చేది, ముందు వచ్చినవాటికంటే ఎన్నో మీటర్లు లోపలికి పాకి, కాళ్లు లాగేస్తుంది. "సముద్రానికి వీపు తిప్పి ఫొటో దిగొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. లైటు చూడండి," అంది.

నిజంగానే దారి మొదట్లో లైటు ఉంది, ట్రాఫిక్ సిగ్నల్‌లాగా. ఆ రోజు కెరటాల తీరును బట్టి రంగు మారుతుంది. మేం వెళ్లినప్పుడు పసుపు. ఎంతవరకు వెళ్లొచ్చో బొమ్మ గీసిన పెద్ద బోర్డు ఉంది. నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి. మేమంతా ఫొటోలు తీసుకుంటుంటే ఆ అమ్మాయి మా అందరికంటే ముందు, సముద్రానికి ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడింది. మేమున్న నలభై నిమిషాలూ కళ్లు నీటిమీంచి తిప్పలేదు. రెండుసార్లు గట్టిగా అరిచి మమ్మల్ని వెనక్కి పిలిచింది. రెండోసారి కెరటం వచ్చి అంతకుముందు మా కోడలు నిలబడ్డ చోటు దాటి పోయింది.

ఆ నిమిషాన నాకు 1998 గుర్తొచ్చింది.

ఆ ఏడు కార్తీకంలో మా బడి పిల్లల్ని యారాడ తీసుకెళ్లాం. నలుగురు టీచర్లం, అరవై మంది పిల్లలు. పులిహోర, పెరుగన్నం, బంగాళదుంప కూర. మోకాలు లోతుకు మించి దిగొద్దని పిల్లలకు పదిసార్లు చెప్పాం. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు మోకాలు లోతులోనే ఉన్నాడు. కెరటం వెనక్కి పోతూ వాణ్ణి తీసుకుపోయింది. చూస్తుండగానే తల చిన్నదైపోయింది. నేను అరిచాను తప్ప ఏమీ చేయలేకపోయాను. కాస్త అవతల అలివి వల లాగుతున్న జాలర్లలో ఒక పెద్దాయన నడుముకు తాడు కట్టుకుని దూకాడు. వాడికేసి నేరుగా ఈదలేదు, పక్కవాటుగా పోయి, చుట్టు తిరిగి పట్టుకున్నాడు. ఒడ్డున మిగతావాళ్లు తాడు లాగారు. అబ్బాయి బతికాడు. ఇప్పుడు గాజువాకలో షాపు నడుపుకుంటున్నాడు, వాడికే ఇద్దరు పిల్లలు.

ఆ పెద్దాయన డబ్బు తీసుకోలేదు. విస్తరిలో పులిహోర పెడితే తిన్నాడు. తింటూ నాకు చెప్పాడు: "అమ్మగారూ, నీటిని సూడండి. అటూ ఇటూ కెరటం ఇరిగి నురుగొస్తంది గదా. మజ్జిన ఈ సందులో నురుగు లేదు, నీరు నల్లగా నిమ్మళంగా ఉంది. ఇక్కడే బాగుందని అందరూ దిగుతారు. అదే లాగేస్తాది."

తర్వాత ఎప్పుడో పుస్తకాల్లో చదివాను, దాన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా వెనక్కి పోవడానికి ఒక సందు వెతుక్కుంటుంది. ఆ సందులో కెరటం విరగదు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోయి మునిగిపోతారు. అలా కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సందు దాటేస్తారు. ఈత రానివాళ్లు గాబరా పడకుండా తేలడానికి చూస్తూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఉత్త చేతులతో దూకకూడదు, తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ ప్లాస్టిక్ క్యానో విసరాలి. ఒకణ్ణి కాపాడబోయి ముగ్గురు పోయారన్న వార్తలు మీ పత్రికలోనే ఎన్నో చదివాను.

ఇంటికొచ్చాక పాత గ్లోబు దుమ్ము దులిపి చూశాను. మన విశాఖ నుంచి నిట్టనిలువునా దక్షిణానికి వేలు జరుపుకుంటూ పోతే, శ్రీలంక తూర్పు అంచు దాటి, మధ్యలో ఎక్కడా నేల తగలకుండా అంటార్కిటికా దగ్గరే ఆగుతుంది. ముప్పై ఏళ్లు ఆ గ్లోబు తిప్పాను, ఇది చూడలేదు. దక్షిణ మహాసముద్రంలో లేచిన ఉబ్బు కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతం దాకా వస్తాయి. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు, కెరటం మాత్రం పెద్దదై వస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి కెరటాల గురించి ముందే హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక, ఒడ్డున గిన్నెలు దించుకుంటున్న కుటుంబం దాకా ఎవరు మోసుకొస్తారు? ఆర్కే బీచ్‌లో గజ ఈతగాళ్లున్నారు, పోలీసులు ఈలలు వేస్తారు. వాళ్ల కష్టానికి దండం పెడతాను. కానీ ఈల విన్న కుర్రాడికి అక్కడెందుకు దిగకూడదో తెలియదు. ఇంకో యాభై గజాలు అవతలికి పోయి దిగుతాడు.

ఇంకో మాట. మేం తిరిగొచ్చిన వారంలోనే పేపర్లో వార్త, భీమిలి దగ్గరి మన ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయని. నాకు పట్టలేని సంతోషం కలిగింది. ఆ ఆదివారమే మా అక్క మనవలిద్దర్నీ తీసుకుని వెళ్లాను. ఆటో అబ్బాయి "సినిమా షూటింగ్ స్పాట్ అమ్మా" అన్నాడు, అతనికి అంతవరకే తెలుసు. ఆ పూట అక్కడ పాతికమంది దాకా ఉన్నారు. దిబ్బల మీంచి జారుతున్నవాళ్లు, గోడల్లా నిలిచిన ఎర్రమట్టి మీద పేర్లు చెక్కుతున్నవాళ్లు. తిట్టబుద్ధి కాలేదు. అది ఏమిటో వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

పిల్లల్ని కూచోబెట్టి నేనే చెప్పాను. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగిపోయిందని, బయటపడ్డ ఇసుకను గాలి తీసుకొచ్చి ఇక్కడ పోసిందని, ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి ఎర్రబడ్డాయని, వానలు కోసి ఈ లోయలు చేశాయని. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మళ్లీ తమిళనాడు, శ్రీలంక తీరాల్లోనే ఉన్నాయని. చిన్నవాడు అడిగాడు, "అమ్మమ్మా, మరి సముద్రం అంతా ఎక్కడికి పోయింది?" మంచులోకి పోయిందిరా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు సోల్‌హేమాయోకుల్ దగ్గర చేతిలో పట్టుకున్న గడ్డ చల్లదనం మళ్లీ తగిలింది. ఎక్కడో ధ్రువాల దగ్గర నీరు మంచై పేరుకుంటే ఇక్కడ భీమిలి దగ్గర దిబ్బలు పుట్టాయి. వాడు గుప్పెడు ఎర్రమట్టి తీసి, చూసి, తిరిగి అక్కడే పోశాడు. జేబులో వేసుకోలేదు. ఎవరూ చెప్పకుండానే.

ఐస్‌లాండ్‌లో అతి పాత రాళ్ల వయసు రెండు కోట్ల ఏళ్ల లోపే. మన కైలాసగిరి కొండరాయి ఖొండలైట్, దాని వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కన చెప్పాలి. ఆ రాయి అరిగి అరిగి, అందులోని కెంపురంగు గార్నెట్ భీమిలి ఇసుకలో చారలుగా కనిపిస్తుంది. అక్కడ డిర్హోలేయ్ అనే చోట సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి తోరణాన్ని చూపించడానికి బస్సులు బారులు తీరుతాయి. మన మంగమారిపేట ఒడ్డున ఉన్న రాతి తోరణం పక్కనుంచే రోజూ వందల కార్లు భీమిలి వెళ్తుంటాయి.

అందుకని పర్యాటక శాఖవారినీ, నగరపాలక సంస్థవారినీ అడుగుతున్నాను. ఒక్క చిన్న బస్సు పెట్టండి. యారాడలో మొదలై, కైలాసగిరి, తొట్లకొండ, మంగమారిపేట తోరణం మీదుగా సాయంత్రానికి ఎర్రమట్టి దిబ్బలకు చేరే బస్సు. అందులో తెలుగులో చెప్పే మనిషి కావాలి, రికార్డు చేసిన టేపు వద్దు. ఆ ఉద్యోగాలు జాలారిపేట కుర్రాళ్లకూ ఆడపిల్లలకూ ఇవ్వండి. నీటిని చదవడం వాళ్లకు ఇంట్లోనే వస్తుంది. నేల సంగతులు చెప్పడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం తెలిసిన పెద్దలున్నారు, రెండు నెలలు నేర్పితే చాలు. స్నానాల రోజుల్లో ఆ పిల్లలనే ఒడ్డున ఎర్రజెండా, పచ్చజెండాలతో నిలబెట్టండి. ఈల వేయడమే కాదు, ఆ నల్లటి సందు చూపించి ఎందుకో చెప్పమనండి. బోర్డులు పార్కింగ్ దగ్గరే పెట్టండి, బొమ్మలతో, పెద్ద తెలుగు అక్షరాలతో. అత్యవసరానికి ఫోను చేయాల్సిన 112 నంబరు కూడా రాయండి. ఐస్‌లాండ్‌లోనూ అదే నంబరు, అక్కడ బస్సులో అందరిచేతా పలికించారు.

ఆ రోజు చివరగా మేం ఆగిన ఊరు వీక్. చిన్న ఊరు, కొండ మీద చర్చి. ఊరికి పైన మంచు కింద కట్లా అనే అగ్నిపర్వతం ఉంది, 1918లో పెద్దగా పేలింది. మళ్లీ పేలితే మంచు కరిగి వరద వస్తుంది గనక, ఊళ్లో అందరూ ఆ చర్చి దగ్గరికి ఎక్కడం ప్రాక్టీసు చేస్తారట. టీ తాగుతున్న చోట పదేళ్ల పిల్లవాణ్ణి మా అబ్బాయి అడిగాడు, పేలితే ఎటు పోతావని. వాడు తింటున్న రొట్టె వదలకుండా రెండో చేత్తో కొండవైపు చూపించాడు.

యారాడలో ఆనాడు మా బడి పిల్లవాణ్ణి బతికించిన పెద్దాయన ఇప్పుడు లేరు. వాళ్ల కొడుకు ఉన్నాడు, పోయిన వారం వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. కార్తీకం మొదటి ఆదివారం పొద్దున్న ఆరున్నరకు మేమిద్దరం యారాడ ఒడ్డున ఉంటాం. అతను తాడు తెస్తానన్నాడు. పిల్లలతో వచ్చేవాళ్లు నీళ్లలోకి దిగేముందు ఒక్క పది నిమిషాలు మా దగ్గర ఆగితే, ఆ రోజు నురుగు లేని సందు ఎక్కడుందో చూపిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం